పేర్లవ్వ వదిలేసిన చోటు

ఈ కథ నాకు మొదట చెప్పింది గంపలల్లే బయ్యవ్వ. వెదురు చీలుస్తూ చెప్పేది. మధ్యలో ఎవరైనా "అలా కాదంట గదవ్వా" అంటే కత్తి కింద పెట్టేసి, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అనేది. నేనూ అంతే పిల్లలూ. కథ అయ్యేదాకా నోరు మెదపొద్దు.

అనగనగా, ఒంటికి ఇంకా పేర్లు లేని కాలంలో, ఒక అడవి. ఆ అడవిలో కాళ్ళున్నాయి, చెవులున్నాయి, తోకలున్నాయి. వాటికి పేర్లే లేవు. జింకకు ముల్లు గుచ్చుకుంటే "నొప్పి, నొప్పి" అని ఏడ్చేది గాని, ఎక్కడో చెప్పలేకపోయేది. చూపించడానికి దానికి చేతులా పాడా! పాపం, కాకి వచ్చి ఒళ్ళంతా వెతికేది. ముల్లు దొరికేసరికి పొద్దు వాలిపోయేది.

ఆ అడవిలోనే ఒక ఆడ ఎలుగుబంటి ఉండేది. మాట మీద మహా పట్టింపు గల మనిషి. మనిషంటే మనిషి కాదులే, ఎలుగే. దానికి ఈ గోల నచ్చలేదు. ఒకరోజు మద్దిచెట్టు కింద నిలబడి అందరినీ పిలిచింది. పేర్లు పెడతానంది.

దానికో పద్ధతి ఏర్పాటు చేసింది. వచ్చిన జంతువు ఎదురుగా మర్యాదగా నిలబడాలి. ఎలుగు ఒక చోట గోటితో తాకి, పేరు చెబుతుంది. ఆ జంతువు మూడుసార్లు పలకాలి. తాకకుండా పేరు పెట్టకూడదు.

"ఇది కన్ను," అంది ఎలుగు.

"కన్ను, కన్ను, కన్ను," అంది జింక.

"ఇది మెడ."

"మెడ, మెడ, మెడ," అంది కొంగ. దానికి ఆ పేరు చాలా నచ్చింది.

"ఇది మడమ."

"మడెం, మడెం," అంది కుందేలు.

"మడెమేందే మడెం! నోట్లో గడ్డి మింగి పలుకు."

కుందేలు గుటుక్కున మింగి, "మడమ" అంది.

ఏడు రోజులు పట్టింది. ఆఖరి రోజున ఎలుగు గొంతు బొంగురుపోయింది. అయినా తల పైకెత్తి చెప్పింది: "ఇక ఒంటిమీద పేరు లేని చోటు లేదు. ఉందన్నవాళ్ళని నా ముందుకు రమ్మనండి."

ఎవరూ రాలేదు. ఆ రోజునుంచి అందరూ దాన్ని పేర్లవ్వ అని పిలిచారు.

కాని ఒక చోటు మిగిలిపోయింది. ఆ సంగతి పేర్లవ్వకు తెలుసు.

ఆ చోటు నిలబడితే ఉండదు. కూర్చుంటేనే వస్తుంది. పేర్లవ్వ ముందు కూర్చునే ధైర్యం ఎవరికుంది? అందరూ నిలబడే పేర్లు చెప్పించుకున్నారు. అందుకని అది ఎవరి కంటా పడలేదు. పేర్లవ్వ కావాలనే పడనివ్వలేదు. ఆమె కూర్చుని అప్పటికే ఎన్నో ఎండాకాలాలు దాటాయి.

ఎందుకో చెబుతాను వినండి.

పేర్లవ్వకు ఒక కూన ఉండేది. ఎలుగుకూనలు తల్లి వీపెక్కి తిరుగుతాయి, తెలుసుగా. ఇదీ అలాగే తిరిగేది. తిరిగి తిరిగి అలసిపోయాక పేర్లవ్వ ఏ పుట్ట పక్కనో చతికిలబడేది. అప్పుడు కూన వీపు దిగి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, తల్లి పొట్టకు ఆనుకుని ముడుచుకుని పడుకునేది. పేర్లవ్వ కదిలేది కాదు. చీమ కుట్టినా కదిలేది కాదు.

ఒక ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో చిరుత వచ్చింది. చిరుత వస్తే చెట్టుమీది కొండముచ్చులు కేక వెయ్యాలి. అది అడవికంతటికీ కట్టుబాటు. అవి వంతులు వేసుకుని కాపలా ఉంటాయి. ఒకటి కొమ్మ చివర కూర్చుని చూస్తుంటే మిగతావి తింటాయి. ఆ కేక మీద నమ్మకంతోనే జింకలు తలవంచుకుని మేస్తాయి.

ఆ రోజు కేక పడలేదు. పేర్లవ్వ కూనను కింద దించి, తేనెపట్టు కోసం చెట్టెక్కి ఉంది. దిగేసరికి కూన లేదు.

ఆ తర్వాత పేర్లవ్వ ఒక్కసారి కూర్చుంది. కూర్చోగానే ఆ చోటు వచ్చింది. ఖాళీగా వచ్చింది. చటుక్కున లేచి నిలబడింది. మళ్ళీ కూర్చోలేదు. తిండి నిలబడే. నిద్ర చెట్టుకు ఆనుకునే. చూసినవాళ్ళు "అబ్బ, ఎంత ఠీవి!" అనుకున్నారు.

కొండముచ్చుల మీద మాత్రం కోపం పోలేదు. అవి ఉన్న చెట్టు కింద రాలిన పండు ఆమె ముట్టలేదు. వాటికి పేర్లు చెప్పిన రోజున కూడా మొహం పక్కకు తిప్పుకునే చెప్పింది.

ఇలా ఉండగా, ఆ కొండముచ్చుల మందలో గోగి అని ఒక పసిపిల్ల. ఎండాకాలం గాలివానకు కొమ్మ విరిగి దాని తల్లి పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

కొండముచ్చుల్లో ఒక ఆచారం ఉంది. పిల్ల ఎవరిదైనా అందరూ ఎత్తుకుంటారు. ఒకరి చేతిలోంచి ఇంకొకరు లాక్కుని ముద్దుచేస్తారు. గోగిని కూడా అలాగే ఎత్తుకున్నారు. ఈ పిన్ని ఇచ్చింది, ఆ అత్త తీసుకుంది, ఇంకో అక్క లాక్కుంది. మధ్యాహ్నానికి పది చేతులు మారింది. ఒక్క చేతిలోనూ కళ్ళు మూతపడలేదు.

"ఏం కావాలే నీకు?" అంది ఒక పిన్ని.

"అది కావాలి," అంది గోగి.

"ఏది?"

"అమ్మ దగ్గర ఉండేది."

"పాలా? దా, నా దగ్గరున్నాయి."

"కాదు."

"వీపా? ఎక్కు మరి," అంది అత్త.

"కాదు."

"చేతులా? ఇవిగో, రెండూ నీవే," అంది అక్క.

"కాదు, కాదు! అది!"

"అదంటే ఏదే? పేరు చెప్పి ఏడువు!"

"పేరు నాకు తెలీదు," అని గోగి ఇంకా ఏడ్చింది.

వాళ్ళకూ తెలియదు. విచిత్రం చూడండి, వాళ్ళ పిల్లలు అప్పుడు కూడా ఆ చోటులోనే కూర్చుని చిగుళ్ళు నములుతున్నారు. అయినా అది వాళ్ళ కంటికి ఆనలేదు. పేరు లేనిదాని మీద చూపు నిలవదు పిల్లలూ.

గోగి చిగుళ్ళు తినడం మానేసింది. పాలు మానేసింది. డొక్కలు లోపలికి పోయాయి. మందకు పెద్ద, పొడుగుతోక పెద్దమ్మ, అది చూసి భయపడింది.

"ఒంటి సంగతి పేర్లవ్వకు తప్ప ఇంకెవరికీ తెలీదు. వెళ్ళి అడుగు," అంది గోగితో.

"ఆమె మన మొహం చూడదు గదా," అంది పిన్ని.

"మన మొహం చూడదు. పిల్ల మొహం చూస్తుందేమో."

గోగి మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. పద్ధతి ప్రకారం ఎదురుగా నిలబడింది.

"అవ్వా, ఒక చోటుకు పేరు కావాలి."

పేర్లవ్వ మొహం తిప్పుకుంది. "కొండముచ్చు గొంతు. నాకొద్దు. పేర్లన్నీ అయిపోయాయి, పో."

"ఒకటి మిగిలింది అవ్వా."

ఆ మాటకు పేర్లవ్వకు చుర్రున కోపమొచ్చింది. "ఎక్కడ మిగిలింది? తాకి చూపించు."

గోగి తన పొట్టమీద చెయ్యి వేసింది.

"అది పొట్ట. చెప్పానుగా."

"కాదవ్వా. దీనికి కింద."

"అది తొడ."

"కాదు. దానికి పైన."

"పొట్టకీ తొడకీ నడుమ ఏముందే? గాలి ఉంది!"

"ఆ గాలే అవ్వా," అంది గోగి.

పేర్లవ్వ గోరు మద్దిబెరడులో దిగబడింది. "గాలికి పేర్లు పెట్టేది నేను కాదు. పో," అంది.

రెండోరోజు గోగి మళ్ళీ వచ్చింది. నడుస్తూ రెండుచోట్ల ఆగి ఆగి వచ్చింది.

"మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"నిన్న సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతాను. అక్కడ పడుకుంటే వాన మీద పడదు. రెండువైపులా గోడలున్నట్టుంటుంది. కళ్ళు తెరిస్తే పైన అమ్మ గడ్డం కనబడుతుంది. అమ్మ నవ్వితే ఆ చోటు ఊగుతుంది. అమ్మ లేస్తే ఆ చోటు పోతుంది. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ వస్తుంది. ఎక్కడికి పోతుందో, ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలీదు. దాన్నేమంటారు అవ్వా?"

పేర్లవ్వ మోకాళ్ళను బిగబట్టుకుని నిలబడింది.

"అలాంటి చోటు లేదు," అంది.

"లేదా?"

"లేదు. ఎవరి ఒంట్లోనూ లేదు. నువ్వు కలగన్నావు."

గోగి తల వంచుకుని వెళ్ళిపోయింది.

పేర్లవ్వ పుట్టి బుద్ధెరిగాక తప్పుమాట పలికింది లేదు. కుందేలు మడెం అంటేనే ఊరుకోని మనిషి. ఆ సాయంత్రం తేనెపట్టు పిండుకుని నోట్లో పెట్టుకుంది. ఊసేసింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ ఊసేసింది. తేనెలో ఏ చేదూ లేదు. అబద్ధం ఆడిన నోరది.

మూడోరోజు పేర్లవ్వ పొద్దున్నే దారి వైపు చూడటం మొదలుపెట్టింది. చూడటం లేదన్నట్టు చూసింది. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. గోగి రాలేదు. దాని బదులు పొడుగుతోక పెద్దమ్మ వచ్చింది. బాగా దూరంగా, చిన్న చెట్టు వెనక నిలబడింది.

"పేర్లవ్వా," అంది.

"నీతో నాకు మాటల్లేవు."

"నాకున్నాయి. విని కొట్టాలంటే కొట్టు. ఆ రోజు కేక వెయ్యాల్సిన వంతు నాదే."

పేర్లవ్వ తల తిప్పి చూసింది. ఇన్నేళ్ళలో కొండముచ్చు మొహం నేరుగా చూడటం అదే మొదటిసారి.

"ఇప్పపూలు తింటున్నాను. తల కిందికి ఉంది. తల ఎత్తేసరికి అయిపోయింది. ఆ మాట మందలో కూడా ఎవరికీ చెప్పలేదు. నన్ను చల్లగా చూడమని రాలేదు. పిల్ల కళ్ళు తెరవడం లేదు అవ్వా. దానికేం కావాలో మాకు తెలీడం లేదు. ఆ పేరు చెప్పు చాలు. వెతికి తెచ్చిస్తాం."

పేర్లవ్వ పళ్ళు పటపటమన్నాయి. పంజా లేచింది. ఒక్క దెబ్బ వేస్తే పెద్దమ్మ లేదు. అయినా పెద్దమ్మ పారిపోలేదు. తోక మాత్రం కాళ్ళమధ్య దాచుకుంది.

పంజా అలా గాల్లోనే ఉండిపోయింది. ఈ ముసలిదాన్ని కొడితే తన కూన రాదు. పేరు చెప్పకపోతే ఆ పిల్ల ఉండదు. చెప్పాలంటేనేమో నిలబడి చెప్పే పేరు కాదు. తాకకుండా పేరు పెట్టకూడదని తానే అంది. తాకాలంటే ఆ చోటు ఉండాలి. ఆ చోటు ఉండాలంటే...

పంజా దించింది.

"పిల్ల ఎక్కడ?" అంది.

కొండముచ్చులు ఉండే చెట్టు కిందికి పేర్లవ్వ నడిచి వస్తుంటే మందంతా పై కొమ్మలకు ఎగబాకింది. కింద, రాలిన ఆకుల మీద గోగి ఒక్కతే పడుకుని ఉంది. అడవిలో కబురు ఎంతసేపు దాగుతుంది? జింకలు వచ్చాయి, కొంగ వచ్చింది, కుందేలు వచ్చింది. అన్నీ మర్యాదగా నిలబడ్డాయి.

పేర్లవ్వ గోగి పక్కన నిలబడింది. కూర్చోబోయింది. మోకాళ్ళు వంగలేదు. ఇన్నేళ్ళు బిగబట్టిన మోకాళ్ళవి, చెప్పిన మాట వింటాయా? ఇంకోసారి ప్రయత్నించింది. సగం వంగి ఆగిపోయాయి. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని, చెట్టుబోదెకు వీపు ఆనించి, దబ్బున కూలబడింది. ఆకులు ఎగిరాయి.

కళ్ళు తెరిచి కిందికి చూసుకుంది. ఆ చోటు వచ్చింది. అప్పటిలాగే ఉంది. అప్పటిలాగే ఖాళీగా ఉంది.

పేర్లవ్వకు లేచి పోదామనిపించింది. లేవలేదు. రెండు చేతులతో గోగిని తీసి అందులో పెట్టింది.

గోగి కాసేపు కదల్లేదు. తర్వాత ముక్కు ఆడింది. ఇది అమ్మ వాసన కాదు. బొచ్చు గరుకు. తేనె వాసన, పుట్టమట్టి వాసన. అయినా రెండువైపులా గోడలున్నాయి. కళ్ళు కొంచెం తెరిచింది. పైన ఒక గడ్డం ఉంది. నల్లగా, పెద్దగా, వణుకుతూ ఉంది. గోగి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. తోక చుట్టుకుంది. ఒదిగిపోయింది.

"ఇదే అవ్వా," అంది. "ఇది కలగాదు."

"కలగాదు," అంది పేర్లవ్వ. "అబద్ధం నాది." ఆ మాట అందరికీ వినబడేటట్టే అంది.

తర్వాత గోటితో ఆ చోటు అంచును తాకింది. చెప్పబోయింది. ఆ పేరు ఆమె నోట్లో ఏళ్ళ తరబడి ఉంది. కూన మొదటిసారి వచ్చి ఒదిగిన రోజే పుట్టింది. బయటికి రావడమే ఇవాళ.

"ఇది ఒడి," అంది.

"ఒడి," అంది గోగి నిద్రలోకి జారుతూ. "ఒడి... ఒడి."

జింకలన్నీ అన్నాయి. కొంగ అంది. పైకొమ్మల మీది కొండముచ్చులు వంగి, తమ ముందు కూర్చున్న పిల్లల్ని, పిల్లల కింద ఉన్న ఆ చోటును చూసుకుని, "ఓహో, ఇదా!" అన్నాయి.

"అవ్వా, అవ్వా! నాకూ ఉందా ఒడి?" అని కుందేలు కూర్చుని చూసుకుంది.

"నీకు లేదు పోవే. ఉన్న మడమ సరిగ్గా పలకడం నేర్చుకో ముందు," అంది పేర్లవ్వ.

గోగి మూడు పూటల నిద్ర ఒక్క పూటలో పోయింది. లేచి, చుట్టూ చూసి, "ఆకలి," అంది. పిన్నీ అత్తా చిగుళ్ళు కోసుకుని పరుగెత్తుకొచ్చారు. ఒకరి చేతిలోది ఒకరు లాక్కున్నారు. గోగి ఒడిలో కూర్చునే అన్నీ తినేసింది.

అప్పుడు పేర్లవ్వ, "ఇట్రా," అని పొడుగుతోక పెద్దమ్మను పిలిచింది. "కూర్చో. అలా కాదు. కాళ్ళు ముడుచుకో. వీపు చెట్టుకు ఆనించు. ఊఁ, ఇప్పుడు వచ్చిందా?"

"వచ్చింది," అంది పెద్దమ్మ. కిందికి చూసుకుని ఆశ్చర్యపోయింది.

"అదీ. పట్టుకో పిల్లని. ఇక లేవకు."

"ఎంతసేపు?"

"అది లేచేదాకా."

"ఇప్పపూలు రాలితేనో?"

అడిగాక పెద్దమ్మ నాలుక కరుచుకుంది.

"రాలితే రాలనీ," అంది పేర్లవ్వ. "విను, నీమీద నా కోపం పోయిందనుకోకు. అది నా దగ్గరే ఉంది. పిల్ల నీ దగ్గరుంది."

గోగిని ఎత్తి పెద్దమ్మ ఒడిలో పెట్టింది. గోగి కొంచెం సర్దుకుంది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. తర్వాత ఒదిగింది. పేర్లవ్వ చేతులు ఇంకా ముందుకు చాపే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది.

సాయంత్రమైంది. పెద్దమ్మ పిల్లని పొట్టకు హత్తుకుని మెల్లగా చెట్టెక్కింది. జింకలు నీళ్ళకు పోయాయి. కుందేలు పోయింది. పేర్లవ్వ ఒక్కతే చెట్టు కింద మిగిలింది. ఒడి ఉంది, అందులో ఎవరూ లేరు. బొచ్చు మీద గోగి పడుకున్నమేర నలిగి ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కింద, ఇంకా కిందకి, ఇంకొక పాత వెచ్చదనం ఉందేమోనని పేర్లవ్వ అరచెయ్యి పెట్టి చూసుకుంది.

లేచి నిలబడితే ఆ ఖాళీ పోతుంది. అది ఆమెకు తెలుసు. అయినా లేవలేదు.

"ఒడి," అంది తనకు తానే. మూడుసార్లూ పలికింది. లోపల ఎవరూ లేకపోయినా దాని పేరు అదే.

తర్వాత అడవిలోకి తేనెకూ పూలకూ వచ్చిన మనుషులు ఆ మాట విని ఇంటికి తెచ్చుకున్నారు. ఆడవాళ్ళు చీర చెరగును ముందు దోపుకుని, ఏరిన పూలు అందులో పోసుకుని, దాన్నీ ఒడే అన్నారు. పుట్టింటినుంచి వెళ్ళే కూతురికి బియ్యమూ పసుపూ పోసి, ఒడి నింపామన్నారు. లేచి నిలబడినా పోకుండా ఉండేటట్టు గుడ్డతో ఒక ఒడి చేసుకున్నారన్నమాట. అంత అవసరం పడింది దానితో.

ఇప్పుడొక మాట. ఈ కథను ఒకాయన అచ్చేయించాడు. ఆ పేరు కొండముచ్చులు పెట్టాయని రాశాడు. పేర్లవ్వ ఊసే లేదు. నేను చదివించుకుని విన్నాను. వెళ్ళి అడిగితే, "ఎవరు పెడితేనేం పెద్దాయనా, కథేగా" అన్నాడు. ఎవరు పెడితేనేమా? ఆ పేరు పలకడం అందరిలోకీ ఎవరికి కష్టమో వాళ్ళే పెట్టారు దాన్ని. నేను కూడబలుక్కుని రాసేవాణ్ణి, నా రాత ఆయన లెక్కచెయ్యడు. చేయి తిరిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ పుస్తకంలో కొండముచ్చు అన్నచోట కొట్టేసి, ఎలుగుబంటి అని రాసిపెట్టండి.

నీతి: ఒడి మనతో పుట్టేది కాదు, మనం కూర్చుంటే పుట్టేది, ఎంత దుఃఖం ఉన్నా, ఎవరిమీద ఎంత కోపం ఉన్నా, పసిపిల్ల వచ్చి అడిగినప్పుడు కూర్చోవాలి.